ఆఖరి హాజరు

మార్చి 2

ఈ రోజు ఒక ఘనకార్యం నా నెత్తిన పడింది. స్కూలు వదిలి వెళ్ళే ప్రతి బ్యాచికీ ఒక సంచిక వేస్తారు. అందులో క్లాసులో ఒక్కొక్కళ్ళ గురించీ నాలుగు ముక్కలుంటాయి. అవి ఎవరు రాస్తారని లైబ్రరీ మేడమ్ అడగ్గానే అందరూ ఒకేసారి నా వైపు తిరిగారు. ఇంత కట్టుగా మా వాళ్ళు సెలవు కూడా అడగలేదు ఎప్పుడూ.

"నీ నాలుకకున్న పదునులో సగం పెన్నుకుంటే చాలు. సగమే వాడు, పాపం వాళ్ళు కూడా మనుషులే" అన్నారు మేడమ్.

పన్నెండేళ్ళు అవే మొహాలు. పెద్ద మేడమ్ తన ఇంటి మేడ మీద రెండు గదుల్లో పెట్టిన స్కూలు ఇది. ఇప్పుడు మూడంతస్తులు. మేం ఒకటో తరగతి చదివిన గదిలో వంటింటి అలమర ఇంకా ఉంది. పప్పు డబ్బాలు ఉండాల్సిన చోట సుద్దముక్కలుంటాయి. వాటిని ఒకసారి కొరికి చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

రేపటి నుంచి మొదలుపెడతాను. ముందు ఇక్కడ చిత్తుగా రాసుకుని, తిట్లు తీసేసి, అప్పుడు సంచికకి ఇస్తాను.

మార్చి 3

రేడియో.

దీని గురించి రాయడం తేలిక అనుకున్నాను. ఒకటో తరగతి నుంచీ నా పక్క సీటు. నోరు మూయదు. టీచరు ఏం చెప్తే అది నా వైపు తిరిగి మళ్ళీ చెప్తుంది. "నలభై రెండో పేజీ అట. ఆ చివరి లెక్క నిన్నే చెయ్యమంటున్నారు, లే." నేను చెవిటిదాన్నయినట్టు! కళ్ళు తిప్పుతూ, మూతి విరుస్తూ, అంత దగ్గర్నుంచి చెప్తుంది. మేడమ్‌లు కూడా దాన్ని ఏమీ అనరు. విసుగెత్తి వదిలేసుంటారు.

చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. తొమ్మిదో తరగతిలో పట్టుకుంది ఈ రోగం. అంతకుముందు ఒక నెల మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఎందుకో ఇప్పుడు గుర్తు లేదు.

సంచికకి: "ఈమె ఉండగా క్లాసులో ఎవరికీ ఏ మాటా మిస్సవదు."

మార్చి 4

ఇంట్లో మాట్లాడటం ఎవరికీ చేతకాదు. అమ్మ దర్జీ. స్కూలు వదిలే రోజున మా బ్యాచి వేసుకునే నల్ల గౌన్లన్నీ ఈ ఏడాది అమ్మే కుడుతోంది. నోట్లో వరసగా గుండుసూదులు పెట్టుకుని, తల వంచుకుని, మెషీను తొక్కుతూ మాట్లాడుతుంది. ఎవరికర్థమవుతుంది? అక్క అద్దం ముందు నిలబడి, నాకు వీపు పెట్టి, జడ అల్లుకుంటూ గొణుగుతుంది. నేను పలకలేదని మళ్ళీ నా మీదే ఎగురుతుంది.

స్కూల్లో చూడు. అందరూ మొహంలోకి చూసి, ఒక్కో మాటా విడివిడిగా మాట్లాడతారు. అక్కడ నాకు అన్నీ వినపడతాయి. అంటే లోపం ఎక్కడుంది? నా చెవుల్లో ఉంటే స్కూల్లో కూడా ఉండాలి కదా.

చలికాలంలో ఈ మాటే చెవి డాక్టరుకి చెప్పాను. ఆయన నవ్వి, అమ్మతో ఏదో చెప్పి, ఒక మెషీను అంటగట్టాడు. అది డబ్బాలోనే ఉంది, నా రుమాళ్ళ కింద. చెవి వెనక చిక్కుడు గింజంత తగిలించుకుని స్కూలుకి వెళ్ళాలట. ఇంకా నయం, మెడలో గంట కట్టుకోమనలేదు.

మార్చి 6

కొంగ.

ఏడో తరగతి సెలవుల్లో వీడు ఒక్కసారిగా మూరెడు పెరిగొచ్చాడు. అప్పటి నుంచీ నా వెనక బెంచీలో కాళ్ళు ముడుచుకోలేక అవస్థ. వీడికొక జబ్బుంది. నా బెంచీ కాలిని తంతాడు. రెండు తన్నులు, టక్ టక్. సరిగ్గా హాజరులో నా పేరు వచ్చే వేళకి, సరిగ్గా టీచరు నన్ను ఏదైనా అడిగే వేళకి వీడి కాలికి దురద పుడుతుంది. నేను ఉలిక్కిపడి తలెత్తుతాను, ఎలాగూ తలెత్తాను కదా అని జవాబు చెప్తాను. ఎన్నిసార్లు తిట్టానో. "సారీ మహారాణీ, కాలు జారింది" అంటాడు.

మహారాణి అంటే నేనే. వెనక నుంచి ఎవరు పిలిచినా నేను తిరగను, ఎదురుగా వచ్చి మాట్లాడాలి. ఆ దర్జా చూసి పెట్టారు ఆ పేరు. పెద్ద మేడమ్ కూడా అలాగే పిలుస్తారు. నాకు ఇష్టమే.

పదిలో వీడికి పచ్చకామెర్లొచ్చి రెండు నెలలు మంచం మీదున్నాడు. నోట్సులన్నీ నేనే రాసిచ్చాను. బాగయ్యాక వచ్చి మొదటి రోజే మళ్ళీ తన్నాడు. కృతజ్ఞత!

మార్చి 7

అక్కతో మాట్లాడటం మానేశాను.

మార్చి 8

"నీతో చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది" అంది అక్క. అందుకు.

మా క్లాసులో ఎవరి నోటా ఆ సామెత రాదు. ఒకసారి సైన్సు మాస్టారు బోర్డు మీద రాస్తూ అటు తిరిగే ఏదో అన్నారు. నాకు అందలేదు, కానీ క్లాసు క్లాసంతా బిగుసుకుపోవడం చూశాను. ఏమన్నారే అని రేడియోని అడిగితే "ఏదో పాత సామెత, బాలేదులే" అంది. మర్నాడు మాస్టారు వచ్చీ రాగానే నా బెంచీ దగ్గర కాసేపు నిలబడి, బాగా చదువుతున్నావా అని అడిగి వెళ్ళారు. సంస్కారం అంటే అదీ.

మార్చి 9

మీసాలరాయుడు.

పదకొండో తరగతిలో మా అందరికంటే ముందు మీసం వచ్చింది వీడికే. దాన్ని మొక్కని పెంచినట్టు పెంచాడు. దువ్వెన కూడా ఉండేది. మూతి మీదికి దిగేదాకా వదల్లేదు. ఒకరోజు నేను "ఒరేయ్, నీ మాటలన్నీ ఆ మీసం చాటున దాక్కుంటున్నాయి, ఒక్క ముక్కా అర్థం కావట్లేదు" అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. తెల్లారి నున్నగా గీసుకుని వచ్చాడు.

నా వెటకారానికి అంత బలముందని ఆ రోజే తెలిసింది నాకు. వారం రోజులు మురిసిపోయాను. మళ్ళీ పెంచలేదు వాడు. మీసం పోయింది, పేరు మిగిలింది.

మార్చి 11

సంచికలో అందరి గురించీ కలిపి ఒక పేజీ కావాలన్నారు. అస్థిపంజరం సంగతి రాస్తాను.

ఆరో తరగతిలో ల్యాబులో ఉన్న అస్థిపంజరం చెయ్యి ఊడి కింద పడింది. ఊడగొట్టిన వాడు మీసాలరాయుడు, అప్పటికి మీసం లేదు. కరచాలనం చేద్దామనుకున్నాడట. ఎవరు చేశారో చెప్పేదాకా అందరూ ఎండలో నిలబడాలన్నారు మాస్టారు. మధ్యాహ్నమంతా నిలబడ్డాం. రేడియోకి ముక్కు నుంచి రక్తం కారింది, తుడుచుకుంది, నోరు మాత్రం తెరవలేదు. రోజంతా వాగే మనిషి! చివరికి పెద్ద మేడమ్ మేడ మీద నుంచి చూసి, గొడుగేసుకుని కిందికొచ్చి, "వీళ్ళ దగ్గర్నుంచి మీరేమీ రాబట్టలేరు మాస్టారూ. లోపలికి పంపండి" అన్నారు.

మా క్లాసు ఒక విషయం దాచాలనుకుంటే ఇక అంతే. ఇవాళ అది రాస్తుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. పదకొండేళ్ళ పిల్లలం! ఎవరు నేర్పారు మాకు?

మార్చి 13

ఆఖరి హాజరుకి రిహార్సల్ జరిగింది.

చిన్నప్పటి నుంచీ ప్రతి ఏడూ కింద కూర్చుని గుడ్లప్పగించి చూసిన తతంగం ఇది. వెళ్ళిపోయే బ్యాచి హాల్లో చెక్క స్టేజీ మీద వరసగా నిలబడుతుంది, జనానికి వీపు పెట్టి, గోడ వైపు చూస్తూ. పెద్ద మేడమ్ హాలుకి ఆ చివర, గుమ్మం దగ్గర నిలబడి పిలుస్తారు. మైకు ఉండదు. వరస ఉండదు, ఆవిడకి ఎవరు గుర్తొస్తే వాళ్ళు. పిలిచినవాళ్ళు "ఉన్నాను" అని, వెనక్కి తిరిగి, స్టేజీ దిగి, జనం మధ్య నుంచి నడిచి, ఆవిడ పక్క నుంచి బయటికి వెళ్ళిపోతారు. అంతే, స్కూలు అయిపోయినట్టు. "వెనక నుంచి పిలిచినా పోల్చుకోగలిగే గొంతు బతుకులో ఒక్కటైనా ఉండాలి" అంటారు పెద్ద మేడమ్. మూడుసార్లు పిలిచినా పలకనివాళ్ళు ఇంకో ఏడాది చదవాలని ఒక వేళాకోళం. ఎవరూ ఎప్పుడూ పలకకుండా లేరు.

ఇవాళ డ్రిల్లు మాస్టారు మైకు పెట్టి, రిజిస్టరు వరసలో పిలిచారు. నేను చక్కగా పలికాను.

అసలు రోజున మైకు ఉండదు. ఆ హాలు పొడుగు. పెద్ద మేడమ్‌కి ఈ మధ్య గొంతు మరీ సన్నబడింది.

మార్చి 14

జలుబుకి చెవులు దిబ్బడేశాయి, అంతే. తగ్గితే సరిపోతుంది.

మార్చి 16

అక్క ఇంట్లో లేని సమయం చూసి అమ్మని అడిగాను. "నేను గోడ వైపు తిరుగుతాను. నువ్వు వీధి గుమ్మం దగ్గర నిలబడి నన్ను పిలువు. ఊరికే, ఆట."

అమ్మ సూదులు నోట్లోంచి తీసి గుడ్డకి గుచ్చి వెళ్ళింది. నేను గోడ మీద సున్నం పెచ్చులు చూస్తూ నిలబడ్డాను. అమ్మ ఎంతకీ పిలవదే అనుకుంటున్నాను. భుజం మీద చెయ్యి పడింది.

"పిలవలేదేం?"

అమ్మ మొహం చూడగానే తెలిసింది.

"పిలిచానమ్మా" అంది. ఎన్నిసార్లు అని నేను అడగలేదు. "అది పెట్టుకుని వెళ్ళు తల్లీ. జుట్టు కిందికి వదిలితే ఎవరికీ కనపడదు."

"కనపడుతుంది. పన్నెండేళ్ళుగా తెలియనిది ఆఖరి రోజున తెలియాలా? వాళ్ళకి నేను మహారాణిలాగే గుర్తుండాలి" అన్నాను. ఏడ్చాను కూడా. అమ్మ మళ్ళీ మెషీను ముందు కూర్చుంది కానీ తొక్కలేదు.

నాకు భయంగా ఉంది. అంతమంది ముందు, అందరి అమ్మానాన్నల ముందు, ఆవిడ పిలుస్తూ ఉంటే నేను గోడ చూస్తూ నిలబడి ఉంటాను.

మార్చి 17

ఉపాయం దొరికింది. కొంగ పక్కన నిలబడతాను.

కారణమేమీ లేదు. వాడు పొడుగు కదా, వాడి పక్కన నిలబడితే గౌను బాగా కనపడుతుంది. వాడికి కాలు ఆడించే జబ్బు ఎలాగూ ఉంది.

"నా పక్కన నిలబడరా" అంటే "మహారాణి ఆజ్ఞ" అన్నాడు.

ఇంకో సంగతి. ఆఖరి అల్లరిగా అందరం వట్టి కాళ్ళతో స్టేజీ ఎక్కాలని రేడియో తీర్మానం చేసింది. గౌన్లు నేల మీద జీరాడతాయి, ఎవరికీ కనపడదట. ఏమిటీ పిచ్చి అంటే, "నీకెందుకు, బూట్లు విప్పమన్నప్పుడు విప్పు" అంది. అందరూ బుద్ధిగా తలూపారు. మీసాలరాయుడు కూడా.

మార్చి 20

రేపే.

మార్చి 21

అన్నీ వరసగా రాస్తాను, ఒక్కటీ పోకూడదు.

చెవి మెషీను డబ్బా తీసి చూసి మళ్ళీ రుమాళ్ళ కింద పెట్టేసి వెళ్ళాను. స్టేజీ వెనక బూట్లన్నీ ఒక కుప్పగా పోశాం. ఎడమ పక్క కొంగ, కుడి పక్క రేడియో. చెక్కపలకలు చల్లగా ఉన్నాయి. గోడ వైపు తిరిగాం.

పిలుపులు మొదలయ్యాయని నాకు ఎలా తెలిసిందంటే, ఆ చివర ఉన్నమ్మాయి తిరిగి వెళ్ళిపోయింది. తర్వాత మీసాలరాయుడు. నేను కళ్ళు మాత్రం పక్కకి తిప్పి, కొంగ గౌను అంచునే చూస్తున్నాను, కాలు కదులుతుందేమో అని. ఆ గౌను కదిలింది. మొత్తం కదిలింది. కొంగ తిరిగి వెళ్ళిపోయాడు. మూడో పిలుపే వాడిది.

వాడు ఒక్క క్షణం ఆగి నా వైపు చూశాడు. నవ్వాడు. ఎందుకు నవ్వావురా అని తిట్టుకున్నాను. నా పక్కన ఖాళీ. ఆ ఖాళీ ఎంత పెద్దదో నేను రాయలేను. ఇక గోడ తప్ప నాకేమీ లేదు. వరస పలచబడుతోంది. ఒకళ్ళు వెళ్తున్నారు, ఇంకొకళ్ళు వెళ్తున్నారు. ఏ పిలుపు నాదో, అది వచ్చి వెళ్ళిపోయిందో కూడా తెలియదు. ఇప్పటికే రెండుసార్లు పిలిచేశారేమో. జనం గుసగుసలాడుతున్నారేమో. అమ్మ ఎక్కడ కూర్చుందో. వెనక్కి తిరిగి చూడాలని మెడ లాగేస్తోంది.

అప్పుడు నా అరికాళ్ళ కింద పలక కొట్టుకుంది.

రెండుసార్లు. టక్ టక్.

కొంగ తన్ను అది. పన్నెండేళ్ళలో ఇంకే చప్పుడూ నాకు అంత బాగా తెలియదు. కానీ కొంగ లేడు, వెళ్ళిపోయాడు. పైగా అది ఒక కాలు కాదు. ఇటు నుంచీ అటు నుంచీ, ఆ చివర నుంచీ, మిగిలిన అందరి మడమలూ ఒకేసారి చెక్కని తాకాయి. అది నా కాళ్ళలోంచి మోకాళ్ళలోకి, వెన్నులోకి పాకింది. రేడియో వైపు చూశాను. అది బొమ్మలా గోడనే చూస్తోంది. గౌను అంచు మాత్రం ఊగుతోంది.

"ఉన్నాను" అన్నాను. గట్టిగా అన్నాననుకుంటాను, తిరిగి చూస్తే హాల్లో అందరూ నవ్వుతున్నారు, మంచి నవ్వు.

ఎలా నడిచానో తెలియదు. గుమ్మం దగ్గర పెద్ద మేడమ్ నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకున్నారు. "మొదటి పిలుపుకే" అన్నారు, నెమ్మదిగా, పెదవులన్నీ కదిలేలా. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నాకు ఒక్కసారిగా ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడాలనిపించింది.

బయట వరండాలో కొంగ వట్టి కాళ్ళతో నిలబడి ఉన్నాడు.

"నువ్వు ముందే వెళ్ళిపోయావు కదరా" అన్నాను. "మరి కొట్టిందెవరు?"

"ఎవరేంటి, అందరూ. నాకు పచ్చకామెర్లొచ్చి రెండు నెలలు రాలేదు. అప్పుడు నీ బెంచీ ఎవరు తన్నారనుకున్నావు?"

నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆ రెండు నెలలూ ప్రతి హాజరుకీ పలికాను.

లోపల్నుంచి రేడియో వచ్చింది, చివరి పిలుపు దానిదట. వచ్చీ రాగానే నా మీద పడి ఏడుపు. "చెప్పకూడదని ఒట్టేసుకున్నామే. చెప్తే నువ్వు మాట్లాడటం మానేస్తావు. తొమ్మిదిలో ఒకసారి డాక్టరుకి చూపించుకోవే అన్నానని నెల రోజులు మొహం తిప్పుకుని తిరిగావు. నాకు భయమేసింది. అందుకని అందరికీ చెప్పాను."

నెల రోజులు. అవును. దానికే.

మీసాలరాయుడు కాస్త దూరంగా నిలబడి, ఏం చెయ్యాలో తెలియక పై పెదవి తడుముకుంటున్నాడు. అక్కడ ఏమీ లేదు. నా మాటలకి అంత బలముందని మురిసిపోయిన మీసం అది.

మార్చి 22

సంచికకని నేను రాసినవన్నీ మళ్ళీ చదివాను. చెవుడు సరే, కళ్ళకేమొచ్చింది నాకు?

"ఈమె ఉండగా క్లాసులో ఎవరికీ ఏ మాటా మిస్సవదు" అట! ఎవరికీ కాదు, నాకు. ఎండలో నోరు తెరవకుండా నిలబడ్డ పిల్లలు ఇంత కాలం నోరు తెరవకుండా నా పక్కన నిలబడ్డారు. ఎవరిళ్ళలో వాళ్ళకి గొడవలుండేవి, పరీక్షలుండేవి, వాళ్ళలో వాళ్ళకి తగాదాలుండేవి. హాజరులో నా పేరు మాత్రం ఏ రోజూ ఎవరూ మర్చిపోలేదు. ఇలాంటి మనుషులతో కలిసి చదివానా నేను! పక్కనే కూర్చుని తిట్టానా!

అమ్మ చేత చెవికి మెషీను పెట్టించుకున్నాను. మొదట వినపడింది అమ్మ కుట్టుమిషను. ఇంత గోల చేస్తుందా అది? ఇన్నాళ్ళూ అక్క ఎలా భరించిందో. వెళ్ళి అక్కతో మాట్లాడాను. అక్క జడ అల్లడం ఆపి, ఇటు తిరిగి, "వినపడుతోందా?" అని కళ్ళు తుడుచుకుంది.

"గొణుగుతున్నావు" అన్నాను. అలవాటు.

మార్చి 23

గౌన్లు తిరిగి ఇచ్చెయ్యాలి, వచ్చే ఏడాది బ్యాచికి అమ్మ వాటినే సరిచేస్తుంది. అందుకని అందరం స్కూల్లో కలిశాం. నేను జుట్టు వెనక్కి లాగి గట్టిగా జడ వేసుకుని వెళ్ళాను. చూడనీ.

వంటింటి అలమర ఉన్న గదిలో ఉన్నారు అందరూ. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే రేడియో "వచ్చావా! ఇటు రా! గౌను ఇక్కడ పెట్టు!" అంది. చెవులు పగిలిపోయాయి. మీసాలరాయుడు "అమ్మ రాలేదా!" అన్నాడు, గోడలు అదిరేలా. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పలకరిస్తున్నారు, అందరూ అరుపులే. సంతలో బేరం ఆడినట్టు అరుస్తున్నారు మా వాళ్ళు. ఇన్నేళ్ళూ నాకు మామూలుగా వినపడిన మాటలన్నీ ఇవే. గొంతు చించుకుని మాట్లాడిన మాటలు!

నేను రెండు చేతులతో చెవులు మూసుకున్నాను.

"ఎందుకర్రా అలా అరుస్తారు? నాకేమైనా చెవుడా?"

ఆ మాట నా నోటి నుంచి రావడం వాళ్ళెప్పుడూ వినలేదు. తర్వాత రేడియోకి నా చెవి వెనక ఉన్నది కనపడింది. ముందు అదే నవ్వింది. తర్వాత ఎవరు నవ్వుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో తెలియలేదు.

అప్పుడు ఒక్కొక్కళ్ళూ గొంతు తగ్గించారు. ఎంత కొత్తగా ఉన్నాయో ఆ గొంతులు. రేడియోది బొంగురు గొంతు, నాకు తెలియదు. మీసాలరాయుడు 'స' అన్నప్పుడల్లా సన్నగా ఈల వస్తుంది, నాకు తెలియదు. పన్నెండేళ్ళు చదివి, ఆఖరి హాజరు కూడా అయిపోయాక, వాళ్ళని ఇవాళ మొదటిసారి కలిసినట్టుంది. మీసం పెంచుకోరా అని వాడికి చెప్పాను. దువ్వెన ఇంకా ఉందట.

గౌను మడత పెట్టడానికి నేను అలమర వైపు తిరిగాను. నా వెనక, గదికి ఆ చివర నుంచి, ఎవరో చాలా మెల్లగా పిలిచారు.

"మహారాణీ."

కొంగ గొంతు అంత మెత్తగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు. మొదటి పిలుపే వినపడింది. అయినా తిరగలేదు. ఇంకోసారి పిలవనీ అని.